పసుపు పూసిన గడప

పామిడి

చెల్లెమ్మ సువర్ణకు,

నీ చక్రాల కుర్చీ కోసం వాకిలికి పక్కకు జరిగే తలుపు పెట్టించానని గొప్పగా ఫోన్ చేశాను కదా. వడ్రంగి ఓబిలేష్ అప్పుడే చెప్పాడు: "గడప గూడా తీసేయల్లన్నా. లేకుంటే కుర్చీ యాడ దాటుతాది?"

"గడప ముట్టుకోవద్దప్పా, ఇంటికి లక్ష్మి అదే" అన్నాను నేను.

నువ్వు వచ్చిన రోజు తలుపును ఒంటి చేత్తో జరిపి నవ్వావు. అంతలోనే ముందు చక్రాలు గడపకు తగిలి ఆగిపోయాయి. వీధంతా చూస్తుండగా, నిన్ను అడగనైనా అడగకుండా చంటిపిల్లలా ఎత్తుకున్నాను. "దించన్నా, నేను పోతా" అన్నావు. ధర్మవరంలో నీ గదికి వెళ్లిపోయావు, మళ్లీ రాలేదు.

నిన్న ఆ గడపను నేనే రంపంతో కోసి తీసేశాను. ఏళ్లనాటి పసుపు పొరలు పొరలుగా రాలింది. ఈసారి నేను ఎదురు రాను. లోపలే కూర్చుంటాను. తలుపు నువ్వే జరుపుకొని రామ్మా.

నీ అన్న