రాజధాని పోయేలోపు

26 ఫిబ్రవరి 1956, ఆదివారం, కర్నూలు

మధ్యాహ్నం రెండో పంక్తిలో క్లర్కులందరిదీ ఒకటే మాట. హైదరాబాదూ ఆంధ్రా కలుస్తాయట, రాజధాని అక్కడికే పోతుందట. సాంబారు వడ్డిస్తూ విన్నాను. సెక్రటేరియట్‌లో పనిచేసే రాజంపేట ఓబులేసును పక్కకు పిలిచి అడిగాను. పోయేది ఖాయమక్కా, ఏ నెలలో అనేదే తెలీదు అన్నాడు.

నా మెస్సులో పూటకు అరవై మంది తింటారు. అందులో యాభై ఐదు మంది సర్కారు నౌకర్లే.

మా ఆయన ఆలూరులో టీచరు. నాకు రాయడం నేర్పింది ఆయనే. ఆయన పోయాక అన్న కంబన్నతో కలిసి ఈ ఊరొచ్చాను. అప్పుడు ఆఫీసులు గుడారాల్లో ఉండేవి. గుడారాల్లో దిగిన వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు లేచిపోతారని ఆ రోజే తట్టాల్సింది.

27 ఫిబ్రవరి

అన్నతో చెప్పాను. నవ్వాడు. పక్కిల్లు కూడా ఐదేళ్ల అగ్రిమెంటు మీద తీసుకుని మెస్సు పెంచాలని అతని పట్టు. "సర్కారు యాడికి పోతాదే హంపమ్మా? ఇంత సర్కారును బండ్లకెక్కించుకోని పోతారా?" అన్నాడు. సంతకం పెట్టనన్నాను. "ఆడదానికి అంత భయమైతే వ్యాపారమెందుకు?" అన్నాడు.

భయం కాదు. చెప్పినా అతనికి అర్థం కాలేదు.

2 మార్చి

అన్న ఆలూరులో తన వాటా చేను అమ్మేశాడు. అగ్రిమెంటు మీద ఒక్కడే సంతకం పెట్టాడు. ఇద్దరి పొయ్యిలూ వేరయ్యాయి: పాత మెస్సు నాది, పక్కింట్లో పెట్టేది అతనిది.

9 మార్చి, సాయంత్రం 5 గం.

ఆఫీసులు పోతాయి. మరి ఈ ఊళ్లో పోనిదేది? వారం నుంచి బియ్యం ఏరుతున్నా ఇదే ఆలోచన.

ఎదురింటి మహబూబ్ బీ పెద్దాసుపత్రిలో ఆయా. మజ్జిగ కోసం వచ్చి మాటల్లో ఒక సంగతి చెప్పింది. పత్తికొండ నుంచి కాన్పుకొచ్చిన పిల్లకు తోడొచ్చిన తల్లి రెండు రోజులుగా వేపచెట్టు కింద సద్దిమూట మీదే గడుపుతోందట. "పల్లెల నుంచి శానా మంది వస్తాండారక్కా. వాళ్లు యాడ తింటారో అల్లాకే తెలుసు" అంది.

ఆమె వెళ్లిపోయినా నేను లేవలేదు. క్లర్కులకు ట్రాన్స్‌ఫర్ ఉంటుంది. రోగాలకు ఉండదు.

14 మార్చి

మూడు రోజులు ఆసుపత్రి గేటు దగ్గర కూర్చున్నాను. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా రోగి వెంట వచ్చిన వాళ్లను లెక్కపెట్టాను. సోమవారం ఎనభై ఆరు, నిన్న అరవై ఒకటి, ఈ రోజు డెబ్బై. రోగులకు ఏం పెట్టొచ్చో, ఏం పెట్టకూడదో నర్సమ్మను అడిగి రాసుకున్నాను. కారం తగ్గించాలి. జావ ఉండాలి.

1 ఏప్రిల్

ఆసుపత్రి వెనక సందులో ఇల్లు దొరికింది. రెండు గదులు, పెద్ద పెరడు. ఈ పూట అక్కడ, ఆ పూట ఇక్కడ. నడిచీ నడిచీ కాళ్లు వాచాయి.

20 ఏప్రిల్

ఆసుపత్రి సందులో భోజనానికి వచ్చింది ఎనిమిది మంది. అంతే.

22 ఏప్రిల్

ఐదుగురు. వండిందంతా మిగిలింది. అన్న వీధిలో ఎదురుపడి, ఆసుపత్రి వాళ్లు బాగా తింటున్నారా అని అడిగాడు. తింటున్నారన్నాను. అబద్ధం.

3 మే

నా ప్లానులో తప్పెక్కడుందో ఈ రోజు తెలిసింది. ఆలూరు దిక్కు నుంచి ఒక ముసలామె వచ్చింది, పేరు మద్దమ్మ. మనవడికి జ్వరమట. భోజనానికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. "నీ కూడు మాకెందుకు తల్లీ. జొన్నపిండి మా తాన ఉండాది. రొట్టె కాల్చుకునేకి రవ్వంత పొయ్యి ఉంటే చాలు" అంది.

తలలు లెక్కపెట్టాను గానీ మూటల్లో ఏముందో అడగలేదు.

పొయ్యి ఇచ్చాను. ఆమె కాల్చిన రొట్టెలో నాకూ సగం పెట్టింది.

10 మే

పెరట్లో పన్నెండు పొయ్యిలు వేయించాను. పూటకు ఒక అణా తీసుకుని పొయ్యి, కట్టెలు, గిన్నె, నీళ్లు మేమిస్తాం, వండుకోవడం వాళ్ల పని. రోగికి జావ, మజ్జిగ మాత్రం నేను చేస్తాను. ఓపిక లేని వాళ్లకు భోజనం కూడా.

18 జూన్

పన్నెండు పొయ్యిలూ చాలడం లేదు. ఇంకో ఎనిమిది.

1 నవంబర్, గురువారం

కొత్త రాష్ట్రం. ఆఫీసుల ఫైళ్లు, బీరువాలు, కుర్చీలు లారీలకెక్కాయి. బండ్లకెక్కించుకోని పోతారా అని అన్న అడిగింది గుర్తొచ్చింది గానీ నవ్వు రాలేదు. ఓబులేసు వచ్చి కాళ్లకు దండం పెట్టి పోయాడు. నాలుగు చపాతీలు కట్టిచ్చాను. పాత మెస్సు తాళం ఇంటి ఓనరుకు ఇచ్చేశాను. తిరిగి వస్తూ అన్న మెస్సు వైపు చూశాను. నలభై విస్తళ్లు వేసి ఉన్నాయి. ముగ్గురు కూర్చున్నారు.

19 నవంబర్

అన్న పొయ్యి వెలిగించడం మానేశాడని మహబూబ్ బీ చెప్పింది. ఇంటి ఓనరు అగ్రిమెంటు వదలడట. ఇంకా నాలుగేళ్ల పైనే ఉంది.

ముందు సంగతి అంతా ఆలోచించాననుకున్నాను. ఆఫీసులు పోతే నేనేం తినాలో ఆలోచించాను. అన్న ఏం తినాలో ఆలోచించలేదు. మాట విననివాడు అనుభవిస్తాడని ఊరుకున్నాను. అదీ ఒక రకం గుడ్డితనమే.

20 నవంబర్

వెళ్లాను. ఖాళీ హాల్లో గోడకు ఆనుకుని ఉన్నాడు. ముందే చెప్పాను కదా అని ఒక్క మాటైనా అంటానని ఎదురుచూస్తున్నట్టుంది. అనలేదు. ఆసుపత్రికొచ్చే వాళ్లకు పడుకునే చోటు లేదు, ఈ హాల్లో చాపలు వేస్తే చాలు, నువ్వు చూసుకుంటావా అని అడిగాను. పై పంచెతో మొహం కప్పుకున్నాడు.

28 నవంబర్

అన్న పలుకు లేదు, జాడ లేదు.

2 డిసెంబర్

పొద్దున అన్న వచ్చాడు. జావ తాగాడు. హాల్లో ఇరవై చాపలు వేశానని చెప్పాడు. తర్వాత పెరడంతా తిరిగి, కట్టెలు బయట ఉండాయి, వానొస్తే తడుస్తాయి, షెడ్డు వేయాలన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. వేయమన్నాను.