బావ కళ్ళ కింద నలుపు

అక్కా,

ముందు ఆ ఏడుపు ఆపి ఇది చదువు. బావకి ఏ జబ్బూ లేదు.

పోయిన వారం మా స్టూడియోలో ఒక టానిక్కు ప్రకటనకి ఫోటోలు తీశాం. తాగకముందు ఒకటి, తాగాక ఒకటి. రావలసిన మోడల్ చెయ్యిచ్చాడని బావనే బతిమాలి కూర్చోబెట్టాను. పెద్ద లైట్ల వెలుగులో మేకప్ రంగు సగం తేలిపోతుంది. అందుకే కళ్ళ కింద నలుపూ, బుగ్గలు పీక్కుపోయినట్టు నీడా రెండింతలు దట్టించాను. మొదటి ఫోటో కాగానే కరెంటు పోయింది. "ముఖం కడుక్కుని వెళ్ళు బావా" అన్నాను. "ఇంటికెళ్ళి కడుక్కుంటాలే" అన్నాడు. గుమ్మంలోనే నువ్వు కేకపెట్టి, చెయ్యిపట్టి మంచం ఎక్కించేసరికి ఆ సంగతి మరిచిపోయినట్టున్నాడు.

రాత్రంతా దగ్గుతున్నాడనీ, ఆ నలుపు ఒకరోజు ఎడమ కంటి కింద, మర్నాడు కుడి కంటి కింద ఎక్కువవుతోందని రాశావు. జబ్బు అలా రోజుకో పక్కకి మారదక్కా. చెయ్యి తిరగనివాడు అద్దం ముందు పూసుకుంటే మారుతుంది. నా బూడిదరంగు డబ్బా కూడా ఆ రోజు నుంచే కనిపించడం లేదు. బావ దిండు కింద చూడు.

దూదికి కాస్త కొబ్బరినూనె అద్ది తుడిస్తే చాలు, జబ్బు వదిలిపోతుంది. కాళ్ళు పట్టడం, పళ్ళరసం నోటికందించడం ఇవాళ్టితో ఆపెయ్. సోమవారం స్టూడియోకి తరుము. కోలుకున్న ఫోటో ఇంకా మిగిలే ఉంది, ఫోటోగ్రాఫరు నన్ను కాల్చుకు తింటున్నాడు.

ఇంకొక్క మాట. నేను వేసింది ముఖానికి రంగు మాత్రమే. ఆ దగ్గు నాది కాదు.

నీ చెల్లి