పగటిపూట మంచు బండి

బోర్గ్‌హిల్డ్‌కి,

నేను బాగానే ఉన్నాను. రాత వంకరగా ఉంటే చలి వల్ల అనుకో.

మధ్యాహ్నానికల్లా గాలి స్కీ దారుల్ని పూడ్చేస్తోందని ఈస్టర్ సెలవులకి వచ్చిన జనం సణిగారు. అందుకని రాత్రిళ్ళు మంచు చదును చేసే బండిని పగలు కూడా తిప్పమన్నారు మావాళ్ళు. నిన్న మిట్ట ఎక్కిస్తుంటే మలుపు అవతల నుంచి ఒకామె స్కీల మీద జారుతూ వచ్చింది. నడుముకి తాడుతో కట్టి వెనక లాగే చిన్న మంచుబండి, స్లెడ్జిలో బిడ్డ నిద్రపోతోంది. ఆమె తప్పుకుంది గానీ స్లెడ్జి ఊగి నా బండి ముందు పలకకి జానెడు దూరంలోకి వచ్చింది. తల్లి అది చూడనే లేదు. "పండగపూట కూడా పనేనా తాతా, ఇది తిను" అని నారింజపండు ఇచ్చి పోయింది.

"పగలు బండి తియ్యను" అని మా పైఅధికారి ఓడ్వార్‌తో చెప్పాను.

"భయమేసిందా ముసలాయనా?"

"వేసింది" అన్నాను. నా నోట ఆ మాట నువ్వెప్పుడైనా విన్నావా?

రేపు నా బదులు ఇంకొకణ్ణి బండి ఎక్కిస్తాడట. తాళంచెవి నా జేబులోనే ఉంది, ఇవ్వను. కానీ వాళ్ళ దగ్గర ఇంకోటి ఉందేమో.

కార్డు బస్సువాడితో పంపుతున్నాను. ఆదివారం పిల్లాణ్ణి స్లెడ్జిలో వేసుకుని ఆ మిట్ట మీదికి రావద్దని మన అమ్మాయి తూరిడ్‌కి చెప్పు. పోట్లాడుతుంది, వినకు. ఉన్ని మేజోళ్ళు పంపు. కోళ్ళగూటి తలుపు బిగించారా? మనవడు నూరేళ్ళు బతకాలి.

ఆ నారింజ ఇంకా ఒలవలేదు.

హాల్వర్