దున్నని పూలమడి

నకరికల్లు

శశి బావా,

ఫోనులో అయితే నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను. అందుకని రాస్తున్నాను. ఇంత కోపంలోనూ బావా అనే పిలుస్తున్నాను చూశావా, నా ఖర్మ.

చెల్లెలు దీపశ్రీ సీమంతానికని పుట్టింటికి రెండు రోజులు వచ్చానో లేదో, నా పూలమడి మీద ట్రాక్టరు తోలించావు. తిరిగెళ్ళి చూస్తే ఏముంది? అట్టముక్కలు, వరిగడ్డి, మొగ్గలేసిన చామంతులు అన్నీ మట్టిపాలు. నేను నెత్తీనోరూ కొట్టుకుంటుంటే నువ్వేమన్నావు? "ఏందే ఆ గోల? నాలుగు మొక్కలేగా. నేల గుల్లయింది, మళ్ళీ నాటుకో." ఆ మాటకే బ్యాగు సర్దుకుని మళ్ళీ పుట్టింటికి వచ్చేశాను.

ఆ మడి ఎట్లా మొదలుపెట్టానో నీకు తెలుసు. గడ్డి పీకలేదు, మొదలంటా కోసి అక్కడే పరిచాను. ఇమాం సాహెబ్ కొట్లో అట్టపెట్టెలు అడిగి తెచ్చి, తడిపి కప్పాను. పైన చివికిన పేడ ఎరువు, దానిమీద వరిగడ్డి. వేలితో సందు చేసి నారు పెట్టానే తప్ప గడ్డపార తగలనివ్వలేదు. పక్కింటి సుబ్బరత్నం పిన్ని గట్టు మీద నిలబడి, "ఏమే, దున్నకుండా పూలంట! బీడుకి దుప్పటి కప్పుతున్నావా?" అని నలుగురిలో నవ్వింది. నవ్వితే నవ్విందిలే అనుకున్నాను. గడ్డి తొలగించి చూస్తే చానా వానపాములు కనబడేవి. ఎంత సంబరపడ్డానో.

యూట్యూబులో చూసి సరదాపడ్డానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. మన బాబు పుట్టిన మూడోనాడే పోయినప్పుడు నేనింకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాను. నువ్వూ మామయ్యా తీసుకెళ్ళి పూడ్చి వచ్చారు. తల్లికి ఆ చోటు చూపించకూడదన్నారు. ఎన్నిసార్లు అడిగినా నువ్వు ఏదో పనుందని బయటికి వెళ్ళిపోయేవాడివి. చివరికి అత్తయ్యే, "మన చేలోనేలేవే, తూర్పు గట్టు పక్కన" అంది. అందుకే మడి అక్కడ వేశాను, నాగలి దిగకూడదనుకున్నాను. వాడి మీద ట్రాక్టరు నడిపించావు బావా! ఇక ఆ ఇంటికి నేను రాను.

ప్రత్యూష

రొంపిచెర్ల

ప్రత్యూషా,

తిట్టు, పడతాను. కానీ వాడు అక్కడ లేడు. అమ్మ నీ ఏడుపు చూడలేక అట్లా చెప్పింది. ఆ రోజు మేం వాడిని కాలవ గట్టున తుమ్మచెట్టు కింద పెట్టి వచ్చాం. నెల తిరక్కుండానే కాలవ వెడల్పు చేస్తూ జేసీబీలతో ఆ గట్టంతా తవ్వి లారీలకెత్తారు. సంగతి తెలిసి నేను పరుగెత్తుకెళ్ళేసరికి చెట్టు కూడా లేదు. ఆ మట్టి ఏ రోడ్డు కింద పోశారో ఎవరూ చెప్పలేకపోయారు. ఈ మాట నీతో ఏ నోటితో చెప్పను?

పొద్దున్నే ఆ మడి దగ్గర కూర్చుని నువ్వు వాడికి కబుర్లు చెబుతుంటే నా ప్రాణం విలవిల్లాడేది. చెప్పే ధైర్యం లేదు, చూసే ఓపిక లేదు. ఊళ్ళో నవ్వుతున్నారని వంక పెట్టుకుని ఇక్బాల్ ట్రాక్టరు పిలిచాను. మడి పోతే నువ్వే మర్చిపోతావనుకున్నాను. నా అంత వెధవ ఇంకొకడు ఉండడు.

నీ శశి

నకరికల్లు

బావా,

నీ ఉత్తరం చదివాను. బిడ్డ ఒక్కసారే పోయాడనుకున్నాను. మీరంతా కలిసి మళ్ళీ పోగొట్టారు. ఇన్నాళ్ళూ ఒట్టి మట్టితో మాట్లాడించారు కదా నా చేత! అత్తయ్యని ఏమీ అనను, జాలిపడి చెప్పింది. నిన్ను మాత్రం ఇప్పట్లో క్షమించలేను. నువ్వు చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం. నన్ను ఒక్కదాన్నే ఏడవనిచ్చావు.

వస్తున్నాను. నీకోసం కాదు. నువ్వు దున్నించిన చోటే మళ్ళీ అట్టలు పరుస్తాను. ఈసారి గడ్డి నువ్వు మోయాలి, మడి పక్కన నువ్వూ కూర్చోవాలి. వాడికి ఎక్కడా చోటు లేకుండా పోయిందన్నావుగా. తూర్పు గట్టు పక్కనే వాడి చోటని నేనంటున్నాను, వాడి తల్లిని. కాదనేవాళ్ళెవరో నా ముందుకొచ్చి అనమను.

ప్రత్యూష