తుప్పు కెప్టెన్ ఎడమచెయ్యి

సమస్త జనులకూ, ముఖ్యంగా మా వర్క్‌షాపులో పనిచేసే పదకొండు మందికీ సవినయంగా ప్రకటించడమేమనగా: ఏడాదిన్నరగా ఊడి వేలాడుతున్న బాత్‌రూమ్ తలుపు గొళ్ళెం ఈ రోజు పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు బిగించబడినది. బిగించినవాణ్ణి నేనే. ఇకమీదట లోపలున్నవాళ్ళు ఉన్నామని తెలియడానికి పాటలు పాడనక్కర్లేదు. ఈ శుభవార్త అయింది కనక అసలు సంగతికొస్తాను.

నేను, ప్లాస్టిక్ బొమ్మల మిషను నడిపేవాణ్ణి, వయసు యాభై మూడు, చదువు ఏడో తరగతి సగం (మిగతా సగం లెక్కల మాస్టారి కుర్చీకి జిగురు రాసినందుకు పోయింది), ఒంట్లో స్పృహ, బుర్రలో తెలివి ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. వీడికి తెలివి ఎక్కడిదని మా అన్నయ్య అడుగుతాడు. ఉంది. కోపం కూడా ఉంది. రెండూ ఒకే బుర్రలో సర్దుకున్నాయి. వచ్చే సోమవారం నాకు ఆపరేషను. పొట్ట కోస్తారు. బతికి బయటికొస్తానో లేదో డాక్టరు తేల్చి చెప్పలేదు. అందుకని చెయ్యి ఆడుతుండగానే రాస్తున్నాను.

దీన్ని అమలు జరిపే పెత్తనం మా ఆవిడది. మా ఇంట్లో ఏదైనా అమలు జరిగిందంటే అది ఆవిడ జరిపిందే.

1. వర్క్‌షాపులో మిషన్లు, క్రషరు, కరెంటు మీటరు, పైన కారే రేకు సహా నా సగం వాటా (మిగతా సగం అన్నయ్యది) నా తదనంతరం మా ఆవిడకి సర్వహక్కులతో చెందవలసింది. పెద్ద మిషను చలికాలం పొద్దున మొదటి అరగంట మొరాయిస్తుంది. దాన్ని తిట్టకూడదు. పక్కన కూచుని ఎవరి గురించైనా చెడ్డగా చెబుతూ ఉంటే వేడెక్కుతుంది. ఈ పని ఆవిడకి కొత్త కాదు.

2. మా వదినకి నా స్టీలు క్యారేజీ ఇస్తున్నాను. పందొమ్మిదేళ్ళ కింద అది తన పుట్టింటిదని అందరి ముందూ అంది. కాదు. అడుగున మా అమ్మ గోరుతో గీసిన గీత ఉంది, వెలుతురులో పెట్టి చూసుకోమనండి. చూశాకనే తీసుకోవాలి. ఇవ్వడం నాకు ఇష్టమే, ఒప్పుకోవడం ఆవిడ పని.

3. రంగుల బల్ల దగ్గర బొమ్మలకి కళ్ళు దిద్దే రంగులక్కకి, నేను కూచునే వీపు ఆనే కుర్చీ. దీని వెనక కథ ఉంది. నాలుగేళ్ళ కింద ఆ బల్ల దగ్గరి ఆడవాళ్ళు ఆరుగురూ పని ఆపేశారు. స్టూళ్ళ మీద వంగి వంగి నడుములు పోతున్నాయి, వీపు ఆనే కుర్చీలు కావాలన్నారు. అన్నయ్య కుదరదన్నాడు. మూడు రోజులు వాళ్ళు గుమ్మం బయట, ఆయన గుమ్మం లోపల. నేను ఇద్దరికీ టీ మోశాను. "తమ్ముడూ, నువ్వెవరి వైపు?" అని రంగులక్క అడిగింది. "నేను టీ వైపు అక్కా" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నాలుగో రోజు అందరూ అవే స్టూళ్ళ మీద కూచున్నారు.

4. ఇది పెద్ద ఐటం. వకీలుగారికి బొమ్మలు తెలియకపోవచ్చు కనక కాస్త ఓపిగ్గా చదవాలి.

మేం చేసేది మరమనుషుల బొమ్మలు. మాకు పని ఇచ్చే పెద్ద కంపెనీ ఒకటుంది. వాళ్ళ కథలో రెండు దళాలు, ఎర్ర దళం, నీలి దళం. చచ్చిపోయిన ఒక గ్రహం కోసం కొట్టుకు చస్తుంటారు. డబ్బాలో బొమ్మతోపాటు కథల పుస్తకం కూడా వస్తుంది. వీళ్ళిద్దరూ కంపెనీవాళ్ళ బుర్రలో పుట్టినవాళ్ళు. మూడో దళం మాత్రం మా మిషను గొట్టంలో పుట్టింది.

ఎలాగంటే, ఎర్ర ప్లాస్టిక్కు అయ్యాక గొట్టంలో నీలం పోస్తే మొదటి ముప్పై నలభై బొమ్మలు ఏ రంగూ కావు. మిగిలిపోయిన ఎరుపు నీలంలో కలిసి, దెబ్బ తగిలి కమిలిన చోటు రంగులో, చారలు చారలుగా వస్తాయి. ఏ వర్క్‌షాపులోనైనా వాటిని క్రషర్లో పడేసి నుగ్గు చేస్తారు. నాకు మనసొప్పలేదు. ఒకదాని చార ఒకదానికి ఉండదు. అచ్చు ఒకటే అయినా ఏ ఇద్దరూ ఒకలా ఉండరు. వీళ్ళకంటూ ఒక అచ్చు చెక్కిద్దామని అచ్చుల ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చిన రోజున, బొమ్మ కుడిచెయ్యి ఎర్రవాళ్ళ నమూనా కాగితం చూసి, ఎడమచెయ్యి నీలివాళ్ళ కాగితం చూసి చెక్కేశాడు. ఎర్రవాళ్ళ ఆయుధాలకి పిడి గుండ్రం, లావు. నీలివాళ్ళవి సన్నం, పలకలు. ఒకరిది ఒకరి పిడికిట్లో దూరదు. మావాడికి మాత్రం కుడి పిడికిట్లో ఎర్ర కత్తి పడుతుంది, ఎడమ పిడికిట్లో నీలి బల్లెం పడుతుంది. ఆ పొరపాటే మా దళానికి ప్రాణం. ఏ వైపు నుంచి పిలిచినా వెళ్ళి పనిచేసి వచ్చే కిరాయి దళం. ఎవరి కోటలోనూ ఉండరు, ఎవరి జెండా మొయ్యరు. వాళ్ళ నాయకుడికి తుప్పు కెప్టెన్ అని నేనే పేరు పెట్టాను. కంపెనీ వాణ్ణి కథలో చేర్చుకున్నాక పుస్తకంలో వాడు అనే మాట, "పని చెప్పు, జెండా చెప్పకు", అదీ నాదే. పెద్ద చదువులవాళ్ళెవరూ రాయలేదు.

వాడు బాగా నచ్చాడు జనానికి. ఒక పిల్ల మాకు ఉత్తరం రాసింది. మా ఇంట్లో అన్నయ్య ఎర్రవాళ్ళ వైపు, నేను నీలివాళ్ళ వైపు, బొమ్మలు ముట్టుకుంటే కొట్టుకుంటాం, తుప్పు కెప్టెన్‌ని మాత్రం ఇద్దరం అడిగి తీసుకుంటాం అని. ఆ ఉత్తరం నా డ్రాయరులో ఉంది.

ఇప్పుడు వినండి. పోయిన నెల కంపెనీ నుంచి టై బాబు వచ్చాడు. ఎండాకాలంలో కూడా టై విప్పడు కనక ఆ పేరు. వచ్చే సీజను నుంచి కిరాయి దళం ఎర్ర దళంలో కలిసిపోవాలట. "పిల్లలకి క్లారిటీ కావాలండీ, మీవాళ్ళు ఎవరి పక్షమో తేలాలి" అన్నాడట. పిల్లలు తేల్చుకోలేక ఏడుస్తున్నట్టు. చారలు ఉండకూడదట, ఒకటే బూడిద రంగు. అచ్చులో ఎడమ పిడికిలి వెల్డింగు పెట్టి మూసెయ్యాలట, నీలి బల్లెం దూరకుండా. కొత్త కథ కూడా రాసుకొచ్చాడు. తుప్పు కెప్టెన్ ఎర్రరాజు ముందు మోకరిల్లి ఒట్టు పెడతాడు, ఎడమచెయ్యి నిప్పుల్లో కాల్చుకుంటాడు. ఒరేయ్, వాడికి మోకాలే లేదురా. నేను కీలు పెట్టలేదు. తొడ దగ్గర్నుంచి మడమ దాకా ఒకటే ముక్క. ఎలా మోకరిల్లాడో ఆ రాసినవాడు నా ముందు చేసి చూపించాలి.

అన్నయ్య తల ఊపాడు. నేను పరీక్షల కోసం ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, నాకు చెప్పకుండా, నా అచ్చు ఆటోలో వేసుకుని వెళ్ళి మూయించాడు. మేం వర్క్‌షాపు పెట్టినప్పుడు రాసుకున్న కాగితంలో స్పష్టంగా ఉంది: మిషన్లు ఇద్దరివీ, అచ్చు మాత్రం చెక్కించినవాడిది. నా అచ్చు మీద చెయ్యి వెయ్యాలంటే నా సంతకం కావాలి. సంగతి తెలిసి నేను తిన్నగా వచ్చి, ఆ కొత్త కథ కాగితాలు టై బాబు మొహాన కొట్టి, వీధి చివర టీ కొట్టు దాకా వినబడేలా అరిచాను. వాడు పరిగెత్తిన తీరు చూడాల్సింది.

చచ్చినా ఈ కోపం చల్లారదు. అన్నయ్యా, నీకే రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళు వాడు మనిద్దరికీ అన్నం పెట్టాడు. వాడి గొప్పంతా ఎవరికీ ఊడిగం చెయ్యకపోవడంలో ఉంది. నువ్వు వాడికి చెయ్యి తీసేసి, యజమానిని తగిలించావు. నువ్వు మంచివాడివే, నాకు తెలుసు. నేను జ్వరంతో పడుంటే రెండు షిఫ్టులు నువ్వే లాగావు. అయినా ఈ విషయంలో నీ మొహం చూడాలని లేదు.

కాబట్టి సదరు కిరాయి దళం అచ్చు, పై మూత, కింది మూత, బోల్టులతో సహా, మా అమ్మాయికి ఇస్తున్నాను. అచ్చుల ముసలాయన దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకుని, ఆయన పోయాక ఆయన బల్ల మీదే పనిచేస్తోంది. ఆకురాయి పట్టిందంటే వెంట్రుకంత తేడా కూడా పట్టేస్తుంది. షరతు ఒక్కటే. ఎడమ పిడికిలి మళ్ళీ తెరవాలి. తెరిచాక ఆ అచ్చుని ఎర్రవాళ్ళకీ నీలివాళ్ళకీ ఏ ఒక్కరికీ పూర్తిగా రాసివ్వకూడదు. టై బాబు పిల్లలు అడిగితే మాత్రం రెండు బొమ్మలు ఊరికే ఇవ్వాలి. వాళ్ళేం పాపం చేశారు.

5. వకీలుగారి దగ్గర మొన్న ఎత్తుకొచ్చిన పెన్ను ఆయనకే తిరిగి ఇవ్వవలసింది. రాసేది దాంతోనే.

6. ఇక, ఇందులో నేను కల్పించిన భాగాలు. పైన రాసినదానికి సంతకం పెట్టబోతూ మొత్తం చదివి వినిపిస్తే మా ఆవిడ, "ఇవన్నీ ఇలాగే జరిగాయా?" అని ఒక చూపు చూసింది. వీలునామాలో అబద్ధాలుంటే చెల్లదేమో తెలీదు గానీ, ఆ చూపు ముందు మాత్రం చెల్లదు. అందుకని చెప్పేస్తున్నాను.

నేను చావబోవడం కల్పితం. నాది హెర్నియా. సాయంత్రానికి ఇంటికి పంపిస్తామని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. ఎవరూ పళ్ళు పట్టుకుని రానక్కర్లేదు.

పిల్ల రాసిన ఉత్తరం కల్పితం. రాసింది నేను. కానీ మా అమ్మాయీ అన్నయ్య కొడుకూ చిన్నప్పుడు క్రషరు పక్కన కూచుని అచ్చం అలాగే ఆడుకునేవాళ్ళు. అది నిజం.

ముసలాయన పొరపాటు కల్పితం. ఆయన టీకి లేచినప్పుడు తమాషాకి కాగితాలు మార్చింది నేను. బొమ్మ బయటికొచ్చాక ఆయన బిత్తరపోయాడు. "కళ్ళు పోయాయిరా నాకు" అన్నాడు. ఆ ఏడాదే పెద్ద పనులు ఒప్పుకోవడం మానేశాడు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు. అమ్మాయికి నిన్న చెప్పాను. విని, ఆయన ఆకురాళ్ళు ఒక్కొక్కటే తుడుస్తూ కూచుంది.

ఆసుపత్రిలో పడి ఉండడం కల్పితం. అరవడం కల్పితం. టై బాబు పరిగెత్తలేదు, తాపీగా నడుచుకుంటూ వెళ్ళాడు, నేనే గుమ్మం దాకా దిగబెట్టాను. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అన్నయ్య తల ఊపింది ఎందుకంటే, ముందు నా వైపు తిరిగి, "ఏరా, ఏమంటావు? అచ్చు నీది" అని అడిగాడు. రెండుసార్లు అడిగాడు. నేను వద్దంటే వద్దనే ఉద్దేశంతోనే అడిగాడు, మొహంలో కనబడింది. నేను, "మీరిద్దరూ ఎలా అంటే అలాగే" అన్నాను. ఏదో జోకు కూడా వేశాను. సంతకం పెట్టింది నేను. ఆటో పిలిచింది నేను. ఇన్ని పేజీలు అన్నయ్యని తిట్టుకుంటూ వచ్చాను. ఆ తిట్లు నావి, నాకే చెందవలసినవి.

కల్పించనివి: కుర్చీ, క్యారేజీ, బాత్‌రూమ్ గొళ్ళెం. ఇంకొకటి. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కంపెనీకి పొద్దున ఉత్తరం పోస్టు చేశాను. దానివల్ల వాళ్ళు మాకు పని ఆపెయ్యొచ్చు. అన్నయ్యకి నేనే వెళ్ళి చెప్పాను. విని మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. నాలుగో అంశంలో అమ్మాయికి పెట్టిన షరతు నేను పోయేదాకా ఆగక్కర్లేదని, అచ్చు మధ్యాహ్నమే బల్ల మీద పెట్టాం. ఆకురాయి శబ్దం వింటూనే ఈ పేజీ రాస్తున్నాను. ఇప్పటికి సగమే తెరిచింది. బల్లెం ఇంకా దూరడం లేదు.

తేదీ: నవంబరు నాలుగు, మంగళవారం.

సంతకం: (పెట్టాను. ఈసారి చదివి పెట్టాను.)

సాక్షులు:
రంగులక్క, రంగుల బల్ల పెద్ద. (సంతకం పెట్టేముందు "వీపు ఆనే కుర్చీ ఇప్పుడే ఇవ్వు" అంది. ఇచ్చాను. ఇది స్టూలు మీంచి రాస్తున్నాను.)
టీ కొట్టు మామయ్య, వీధి చివర. (నా అరుపు ఏ రోజూ వినలేదని నిర్ధారించారు.)