గుర్రాలు తాగని తొట్టి

మార్చి 1, ఉదయం

రిటైరై నెల. ఈ నెలలో నేను చేసిన పని: బాల్కనీలో కుండీలు ఎండకు జరపడం. మా ఆవిడ చేసిన పని: వాటిని మళ్ళీ మొదటి చోటికి జరపడం. ఇక చాలు. వీడియో ఛానల్ పెడుతున్నాను. పేరు 'మన వీధి, ఉన్నది ఉన్నట్టు'. వారానికో వీడియో. ముప్ఫై ఏళ్ళు ఊరందరి వార్తలూ రాసినవాణ్ణి, సొంత వీధి చరిత్ర చెప్పలేనా!

నియమాలు పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించాను.

ఒకటి: రెండు ఆధారాలు లేని మాట నోట రాదు.
రెండు: విశేషణాలు నిషేధం.
మూడు: బంధువుల మాట ఆధారం కాదు.

పాలగిన్నె తీస్తూ ఆవిడ మూడూ చదివింది.

"మూడోది నన్నుద్దేశించేనా?"

"మనసులో పెట్టుకోకు. అది వృత్తి ధర్మం."

"సరే. పాలు విరిగాయని చెబుదామనుకున్నా. బంధువుని కదా, ఎందుకులెండి."

కాఫీ విరిగింది. ఉత్సాహం విరగలేదు.

మార్చి 3, సాయంత్రం

మొదటి వీడియో! వీధి మొగలోని తపాలా పెట్టె. ఆధారాలు రెండు: పోస్ట్‌మ్యాన్, పెట్టె మీద పోతపోసిన సంవత్సరం. ఒక్క విశేషణం లేదు. 'ఎర్ర' అన్నాను. అది విశేషణం కాదు, వాస్తవం.

చూసినవాళ్ళు ఐదుగురు. ముగ్గురం ఈ ఇంట్లోనే ఉన్నాం. ఒకే కామెంట్: "అంకుల్, సౌండ్ రావట్లేదు."

మైకు స్విచ్ వేయలేదు.

అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి చూసింది. "పర్లేదు నాన్నా. మూకీ సినిమాలు కూడా ఆడేవట." వీడియోలు కోసి అతికించే పని తనే చేస్తానంది. సంతోషం.

మార్చి 6

గడ్డం చేయించుకోవడానికి కత్తెర బాబాయ్ షాపుకు వెళ్ళాను. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వీధి మొత్తానికి కత్తెర బాబాయే. షాపులో ఒక కుర్చీ, ఒక అద్దం, ఆయన పడతారు. నాలుగోది ఏదైనా బయటే ఉండాలి. తమ వంతు కోసం కూర్చునేవాళ్ళు బయట రాతి తొట్టి మీద వేసిన పలక మీద కూర్చుంటారు. నేనూ ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్నాను.

ఇవాళ ఆ తొట్టి మీద తెల్ల రంగుతో ఇంటూ గుర్తు ఉంది. కాలువ పనికి అడ్డమట. నెలాఖరులో యంత్రం వచ్చి ఎత్తేస్తుందట.

"ఆషామాషీ రాయనుకుంటున్నారా సార్?" బాబాయ్ నురగ రాస్తూ మొదలుపెట్టాడు. "గుర్రాల తొట్టి. దండు ఇటుగా పోయేటప్పుడు గుర్రాలన్నీ ఇక్కడే నీళ్ళు తాగేవంట. మా తాత చెప్పేవాడు."

గడ్డం అయ్యాక టేపు తెచ్చి కొలిచాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అడుగున నీళ్ళు పోయే కన్నం లేదు. రాసుకున్నాను: కన్నం లేదంటే నీళ్ళు నిలవాలనే ఉద్దేశం.

రిపోర్టరు కన్ను ఊరికే పోతుందా!

మార్చి 7

రెండో ఆధారం వేట.

టీ కొట్టు ఆయన: "అవునండి, గుర్రాల తొట్టే." ఎవరు చెప్పారు? "కత్తెర బాబాయ్."

దర్జీ: "గుర్రాలే సార్, సందేహమా?" ఎవరు చెప్పారు? "ఇంకెవరు, బాబాయే."

మందుల షాపు ఆయన గుర్రాలతోపాటు రెండు ఏనుగుల్ని కూడా కలిపాడు. గుర్రాలు బాబాయ్ చెప్పినవి. ఏనుగులు సొంతం.

ఈ వీధిలో ప్రతి తలా నెలకోసారి ఆయన చేతి కిందికి వెళ్ళి వస్తుంది. జుట్టు అక్కడ వదిలి కథ తెచ్చుకుంటుంది.

ఇంటికొచ్చి టేపు డ్రాయర్లో పెడుతుంటే ఆవిడ అంది, "ఆ తొట్టి సంగతి నన్నడిగితే..."

ఫ్రిజ్ వైపు వేలు చూపించాను.

"సరే," అని టీవీ పెట్టుకుంది.

మార్చి 9, సాయంత్రం

కత్తెర బాబాయ్ ఇంటికొచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సార్, మీ వీడియోలో ఒక్క ముక్క వేయండి."

"ఆధారం ఒక్కటే ఉంది బాబాయ్. అదీ నువ్వే."

"ఎదురుగా ఎవడో ఏసీ సెలూన్ పెట్టాడు. వాడికి సోఫా ఉంది. నాకు ఆ రాయి ఉంది. అది తీసేస్తే ఆగేవాడు ఎక్కడ ఆగుతాడు? రోడ్డు దాటి సోఫాలో కూలబడతాడు. ఇక లేస్తాడా? తలలు నాకు కొత్తగా మొలవవు సార్."

ఏమీ మాట ఇవ్వలేదు. టీ ఇచ్చాను.

మార్చి 10

రాత్రంతా ఆలోచించాను. 'గుర్రాలు నీళ్ళు తాగాయి' అంటే అబద్ధం కావచ్చు. 'తాగేవని అంటారు' అంటే? అంటున్న మాట నిజమే కదా! వీధంతా అంటోంది. సర్వీసంతా కుర్ర రిపోర్టర్ల వార్తల్లోంచి 'అంటారు' కొట్టేసిన చెయ్యి ఇది. ఒక్కసారి రాస్తే అరిగిపోదు.

పైగా కన్నం లేదన్నది కంటికి కనబడుతున్న వాస్తవం. సగం ఆధారం అనుకోవచ్చు. ఒకటీ సగం కలిపితే ఒకటిన్నర. రెండుకు దగ్గరే.

వీడియో పెట్టాను. మైకు స్విచ్ వేశాను. 'అరుదైన' అన్న మాట ఒకటి జారింది. ఒక్కటే.

మార్చి 12

అమ్మాయి నా మాటల వెనకాల గుర్రాల డెక్కల చప్పుడు కలిపి వీడియో పెట్టేసింది! ఒక సకిలింపు కూడా!

"అదేంటే?"

"అట్మాస్ఫియర్ నాన్నా."

తీసెయ్యమందామనుకున్నాను. ఈలోగా నాలుగు వేల మంది చూసేశారు. ఒకాయన తన ముత్తాత గుర్రం ఇక్కడే తాగిందని రాశాడు. దాని రంగు కూడా చెప్పాడు.

సకిలింపు ఉండనిచ్చాను.

మార్చి 15

రెండో ఆధారం! అదీ ప్రభుత్వానిది!

పొద్దున పాలకెళ్తే తొట్టి పక్కన రేకు బోర్డు. 'చారిత్రక గుర్రపు తొట్టి. కదిలించరాదు. వార్డు ఆఫీసు.' రంగు ఇంకా తడిగా ఉంది, వేలికి అంటింది. ఆ వేలు కెమెరాకు చూపించి తొట్టి గురించి రెండో వీడియో చేశాను: 'అధికారికంగా ధ్రువపడింది'. అద్భుతమైన, అపురూపమైన, వెలకట్టలేని. లెక్కపెట్టడం మానేశాను.

కత్తెర బాబాయ్ గడ్డం ఉచితంగా గీస్తానన్నాడు. వద్దన్నాను. తల మర్దనాకు ఒప్పుకున్నాను. అది లంచం కిందికి రాదు.

ఫ్రిజ్ మీది కాగితం అంచు ఊడి వేలాడుతోంది. టేపు వెతకాలి.

మార్చి 18

వార్డు ఆఫీసుకు వెళ్ళాను, గుమాస్తాకు కృతజ్ఞతలు చెప్పి, అసలు రికార్డు కెమెరాలో చూపించడానికి.

ఆయన లేచి నిలబడ్డాడు. "పేపర్ సార్! రండి రండి."

"ఆ తొట్టి గురించి మీ దగ్గర ఏ రికార్డుందో ఒకసారి చూపిస్తారా?"

"అయ్యో, ఎందుకు లేదు సార్!" జేబులోంచి ఫోన్ తీశాడు. తెరిచాడు. సకిలింపు వినిపించింది.

నా వీడియో.

"ఇదే సార్ రికార్డు. పెద్దాయన ముప్ఫై ఏళ్ళు పేపర్లో చేశారు, ఆధారం లేకుండా చెప్తారా అనుకున్నాం. మీరు 'అంటారు' అన్నారు. బోర్డు మీద చోటు చాల్లేదని అది తీసేశాం."

కుక్క తన తోకను తనే పట్టుకుని దొంగ దొరికాడని మొరిగితే ఎలా ఉంటుందో, నా రెండో వీడియో అలా ఉంది. దాన్ని పదకొండు వేల మంది చూశారు.

మార్చి 19

రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 20

అన్నం దగ్గర ఆవిడ అడిగింది, "ఎందుకలా ఉన్నారు? ఆ తొట్టి గురించేనా?"

ఫ్రిజ్ వైపు చూశాను. కాగితం కింద పడి, దాని మీద ఉల్లిపాయల బుట్ట ఉంది.

"చెప్పు," అన్నాను.

"మా నాన్న దించిన రాయి అది."

మా మామగారు కాంట్రాక్టరు. ముప్ఫై అయిదేళ్ళ కిందట ఈ వీధికి బట్టలుతికే చోటు కట్టే పని ఆయనది. తొట్టి చెక్కినవాడు నీళ్ళు పోయే కన్నం పెట్టడం మరిచిపోయాడు. ఆఫీసువాళ్ళు తీసుకోం అన్నారు. వెనక్కి మోయించడం దండగని ఆయన లారీ నుంచి అక్కడే దింపించి, చేతులు దులుపుకుని వచ్చేశారు.

"ఆ రాత్రి అమ్మ తిట్టిన తిట్లు నాకింకా గుర్తు. కన్నం చూసుకోకుండా రాయి తెచ్చే మగాడు ఈయనొక్కడేనని."

"ఇంతకాలం చెప్పలేదే!"

"వేలు చూపించారుగా."

మార్చి 21

కత్తెర బాబాయ్ కుర్చీలో కూర్చుని, కత్తి గొంతు దగ్గరికొచ్చాక చెప్పాను. తప్పు సమయమే.

"బాబాయ్, అది మా మామగారు దించిన రాయట."

"కదలకండి." ఒక గీత గీశాడు. "తెలుసు సార్."

"తెలుసా?"

"షాపు పెట్టిన వారమే లారీ వచ్చింది. వెనక్కి తీస్తూ నా కొత్త బోర్డు గుద్దాడు. మీ మామగారు సారీ చెప్పి, మనిషి మంచోడు, ఆ రోజు నా దగ్గరే క్రాపు చేయించుకున్నాడు."

"మరి గుర్రాలు?"

"గుర్రాలొస్తే రాయి ఉంటుంది. మీ మామగారొస్తే పోతుంది. గడ్డం పైకెత్తండి."

ఎత్తాను.

"నిజం చెప్పేయాలి బాబాయ్. బోర్డు నా మాట మీద నిలబడింది."

ఆయన తువ్వాలు దులిపాడు. ఇవాళ మర్దనా లేదు.

మార్చి 23

సవరణ వీడియో పెట్టాను. డెక్కల చప్పుడు లేదు. విశేషణం లేదు. రాయి వయసు, దించినవారు, మరిచిపోయిన కన్నం. రెండు ఆధారాల నియమం పెట్టుకుని నేనే తప్పానని, తప్పు నాదని చెప్పాను. ఆవిడ పక్కన కూర్చుని తన ముక్క తను చెప్పింది. నాకంటే తక్కువ మాటల్లో చెప్పింది.

పెట్టాక ఫోన్ బోర్లా పెట్టాను. ఎదుటి సెలూన్ సోఫా కళ్ళ ముందు కనబడుతోంది.

మార్చి 24

కామెంట్లు.

"ఒకే ఒక్క ఆధారం. రెండోది ఏది పెద్దాయనా? రూలు మీదేగా!"

"భార్య మాట ఆధారమా? సిగ్గుచేటు."

"సొంత మామగారి పేరు చరిత్రకెక్కించాలని గుర్రాల్ని తొక్కేస్తున్నారు."

ముత్తాత గుర్రం ఆయన పోలీసుల దాకా వెళ్తానన్నాడు.

పదకొండింటికి కాలువ పని ఇంజనీరు యంత్రంతో వచ్చాడు. బోర్డు చూసి ఆగాడు. వీధంతా పోగైంది. నేనే ముందుకెళ్ళి, ఆ బోర్డు నా తప్పు వల్ల వచ్చిందని, అది ఉతుకుడు తొట్టని చెప్పాను.

"ఇంకెవరైనా చెప్తారా సార్ ఈ మాట? మీరొక్కరు చెప్తే నేను బోర్డు పీకలేను."

కత్తెర బాబాయ్ వైపు తిరిగాను. లారీని కళ్ళారా చూసిన మనిషి. వీధంతా ఆయన వైపే తిరిగింది. చేతిలో దువ్వెన ఉంది. దాన్ని రెండుసార్లు ఊదాడు.

"లారీయా?" అన్నాడు. "నేను గుర్రాలు చూశాను సార్."

"తాత కదా చూసింది?" అన్నాను.

"ఒక్కటి మిగిలిపోయింది. ముసలిది. అది నేను చూశాను."

ఇంజనీరు నన్ను చూశాడు, బోర్డును చూశాడు, పదకొండు వేల మంది చూసిన సంగతి గుర్తొచ్చినట్టుంది. కాలువను రెండడుగులు పక్కకు వంచమని మనుషులకు చెప్పాడు.

నిజం చెప్పాను. చెప్పినా రాయి నిలిచింది. నా సర్వీసులో ఏ సవరణా ఇంత క్షేమంగా ముగియలేదు.

సాయంత్రం బాబాయ్ కబురు పంపాడు: మర్దనాకు రమ్మని. వెళ్ళాను. తొట్టి మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నాది అయిదో వంతు.

మార్చి 30, ఉదయం

మళ్ళీ మొదటినుంచి. కొత్త కాగితం, కొత్త టేపు, అదే ఫ్రిజ్.

ఒకటి: ముందు వంటింట్లో అడగాలి.
రెండు: ఆధారాలు రెండు. ఈసారి నిజంగానే.
మూడు: మైకు స్విచ్.

ఆవిడ పాలగిన్నె తీస్తూ చదివింది. పాలు బాగున్నాయని తనంతట తనే చెప్పింది.

"అయితే ఆ తపాలా పెట్టె సంగతి కూడా అడిగి ఉండాల్సింది."

"దానికేమైంది? సంవత్సరం దాని మీదే ఉంది!"

"పెట్టె ఎప్పుడు పోశారో ఉంది. ఇక్కడికెప్పుడు వచ్చిందో ఉందా? అది పక్క వీధిది. ఏదో బండి గుద్దితే పీకి తెచ్చి ఇక్కడ పాతారు. ఆ వార్త మీరే రాశారు. నాలుగు లైన్లు. మన పెళ్ళయిన ఏడాది."

"నేనా?"

"సౌండ్ రాకపోవడం మీ అదృష్టం."

రేపు మళ్ళీ మొదటి వీడియో. తపాలా పెట్టె. ఈసారి ఆధారాలు గట్టివి, రెండూ ఇంట్లోవే: ఆవిడ, నేను.

నాకు గుర్తులేదు. కానీ రాశానని ఆవిడ చెబుతోంది.