ముసలి బండికి ఏ హీటరు?

ఫిబ్రవరి 2

యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా చక్రాల ఇల్లు, ఎనభై తొమ్మిది మోడల్ మోటర్‌హోమ్‌లోని గ్యాస్ హీటరు ఈ ఉదయం కాలధర్మం చెందింది. రేడియోవాళ్ళు పట్టించుకోలేదు. చెకింగ్‌కొచ్చినాయన లోపల తుప్పుపట్టి చిల్లుపడిందని, వెలిగిస్తే మళ్ళీ లేవరని చెప్పి సీలేసి పోయాడు.

మా ఆవిడ గుడ్నీ ఒకటే మాటంది. బండి వెచ్చగా లేకపోతే ఈస్టర్‌కి కొండమీదకి రాను, నువ్వొక్కడివే పో అని. చలి తగిలితే దాని వేళ్ళు మైనంలాగా తెల్లబడి, స్పూను కూడా పట్టుకోలేవు. పెళ్ళయ్యాక అది లేకుండా నేను ఒక్క ఈస్టర్‌కి కూడా పోలేదు.

ఫిబ్రవరి 5

షాపుకెళ్ళా. దీనికి హీటరెందుకు, మ్యూజియంకి ఇచ్చెయ్యండి అన్నాడు సేల్స్‌వాడు. నా బండినా! వాడు పుట్టకముందే నార్వే అంతా తిరిగిన బండి!

ఫిబ్రవరి 9

బావమరిది హాల్వర్ వచ్చాడు. హీటరెందుకు బావా, ఉన్ని డ్రాయర్లు రెండేసుకుంటే చాలు, మా అక్కని నువ్వే సుకుమారం చేశావు అన్నాడు. నేనా! అంత మగాడివైతే ఈ రాత్రి బండిలో పడుకో అన్నా.

ఫిబ్రవరి 10

పొద్దున దిగాడు. ముక్కు నీలం, పళ్ళు టకటకా. ఉక్కపోసింది బావా, దుప్పటి తన్నేసి పడుకున్నా అన్నాడు. సిగ్గుండాలి.

ఫిబ్రవరి 11

వాడు బండిలో వదిలేసిన డ్రాయరు తడిపి బయట పెట్టా. గడ్డకట్టి కర్రలా అయింది. తీసుకెళ్ళి వాడి గేటు ముందు నిలబెడితే తనంతట తనే నిలబడింది. ఊరంతా టోపీలు తీసి నమస్కారం పెట్టారు.

ఫిబ్రవరి 18

ఎవణ్ణడిగినా వాడే ఎక్స్‌పర్టు. గ్యాసే పెట్టు అంటాడొకడు. ఈ చలికి సిలిండరు ఎన్నాళ్ళొస్తుంది, వాడి బాబొచ్చి మోస్తాడా? కట్టెల పొయ్యి అంటాడింకొకడు. ఇన్సూరెన్సువాళ్ళు వినగానే ఫోన్ పెట్టేశారు. కరెంటు హీటరట! కొండమీద ప్లగ్గేదిరా? డీజిలుదైతే బండి ట్యాంకులోంచే తాగుతుంది, వేడిగాలి కొడుతుంది. కాకపోతే రాత్రంతా టిక్కుటిక్కుమంటుందని పక్క బండివాళ్ళ గోల.

ఫిబ్రవరి 19

డీజిలే. ఖాయం. ఇంకెవడూ నోరెత్తొద్దు.

ఫిబ్రవరి 20

గుడ్నీ నోరెత్తింది. చలేసేది ఎవరికయ్యా అంది. నీకే అన్నా. మరి ఊళ్ళో మీసమున్న ప్రతివాణ్ణీ అడిగావు, నన్నడిగావా అంది. గాలి కొడితే కళ్ళు మండుతాయంతే, వేళ్ళు అలాగే చస్తాయి, నాకు చేతులు ఆనించుకోడానికి వేడివేడిది ఏదైనా కావాలంది. బెంచీ పక్కన వేడినీళ్ళు తిరిగే రేడియేటరట. ఆ నీళ్ళు డీజిలుతోనే కాగుతాయట. తనే ఫోన్ చేసి కనుక్కుందట, నాకు చెప్పకుండా!

ఒళ్ళు మండిపోయి గరాజులో కూచున్నా. అది తప్పు చెప్పుంటే బాగుండేది. ఒక్క ముక్కా తప్పు లేదు.

మార్చి 16

గుడ్నీ అడిగిన రేడియేటరుకే పైపులేశాం. హాల్వర్ బండికింద దూరి, నీళ్ళు కారుతున్నాయి, ఈ నట్టు నువ్వు బిగించావా బావా, మీ అమ్మ బిగించిందా అన్నాడు. కారేది వాడు బిగించిన నట్టే! వాడిది!

ఈస్టర్ ఆదివారం, కొండమీద

ఇక నిజాలు. డ్రాయరు తనంతట నిలబడలేదు, లోపల స్కీ కర్ర దోపా. నమస్కారాలు ఎవరూ పెట్టలేదు, పోస్టుమాను నవ్వాడంతే. సేల్స్‌వాడు మ్యూజియం అనలేదు, వాడి మొహం అలా ఉంది. హాల్వర్ ముక్కు నీలం కాలేదు. దొంగవెధవ నిజంగానే హాయిగా పడుకున్నాడు, అది రాయడానికి నాకు చేతులు రాలేదు.

గుడ్నీ వేళ్ళ సంగతి కల్పించలేదు. ఇప్పుడే రేడియేటరు మీంచి చేతులు తీసి నారింజ వలిచింది, తనే. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇదీ కల్పించలేదు.